మొక్కను వంచే చేయి ఎవరిది?

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్న మాట వినిపించని నర్సరీ స్కూలు వార్షికోత్సవం ఉండదు. మన కథోలిక బడుల్లోనూ అంతే. చిన్ననాడే దైవభక్తి నేర్పాలని చెప్పడానికి ఈ సామెత చక్కగా పనికివస్తుంది. అయితే ఆ మొక్కను వంచే చేయి ఎవరిదై ఉండాలో సామెత చెప్పదు.

ఎల్.కె.జి.లో చేరే బిడ్డకు మూడు నాలుగేళ్లు. ఏడేళ్లు నిండాకే బిడ్డకు వివేకం వచ్చినట్టు శ్రీసభ చట్టం భావిస్తుంది. అంటే, మనం నేర్పేదానికి ఔననడానికీ కాదనడానికీ ఆ పసిబిడ్డకు ఇంకా శక్తి లేదు. మరి బిడ్డ తరఫున ఔననే హక్కు ఎవరిది?

13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు గారు దీన్ని గురించి ఆలోచించారు. పుట్టకముందు తల్లి గర్భంలో ఉన్నట్టే, పుట్టాక వివేకం వచ్చేవరకు బిడ్డ తల్లిదండ్రుల సంరక్షణ అనే ఆధ్యాత్మిక గర్భంలో ఉంటుందని ఆయన భావం. కనుక క్రైస్తవేతరుల బిడ్డకు తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా జ్ఞానస్నానమివ్వడం సహజ న్యాయం కాదన్నారు. ఆ కాలపు ఐరోపాలో అది చిన్న మాట కాదు! మన రాజ్యాంగం 28వ అధికరణం కూడా, ప్రభుత్వ గుర్తింపో సహాయమో ఉన్న బడిలో, సంరక్షకుల సమ్మతి లేకుండా మైనరును మతబోధకు కూర్చోబెట్టరాదంటుంది.

మన కాన్వెంటు నర్సరీల్లో చాలాచోట్ల హిందూ, ముస్లిం బిడ్డలే ఎక్కువ. క్రిస్మసు కార్యక్రమంలో అలాంటి బిడ్డకు దేవదూత రెక్కలు కట్టాలంటే ముందుగా తల్లిని ఒక మాట అడగాలి. సంతోషంగా సరేననే తల్లులు చాలామంది ఉంటారు. వద్దంటే, బిడ్డ చిన్నబుచ్చుకోకుండా వేరే పని అప్పగించడం టీచరమ్మ నేర్పు. “అలాగైతే సువార్త ఎలా ప్రకటిస్తాం ఫాదర్?” అని అడిగేవారుంటారు. బడికి వచ్చిన మొదటిరోజు ఏడ్చే బిడ్డను సిస్టరమ్మ ఎత్తుకొని ఊరడిస్తుంది కదా. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

క్రైస్తవ తల్లిదండ్రులారా, ఇది రెండంచుల కత్తి. బిడ్డపై మొదటి హక్కు మీదైతే, మొదటి బాధ్యతా మీదే. 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ తన విద్యా ప్రకటనలో చెప్పింది ఇదే. “ఫీజు కట్టాం, ప్రార్థనలు సిస్టర్లే నేర్పుతారులే” అని ఊరుకొనే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. మూడేళ్ల బిడ్డ మన ఉపదేశం విని నేర్చుకోదు, మన చేతులను చూసి, తన చేతులతో చేసి నేర్చుకుంటుంది. 1907లో రోములోని పేదలవాడలో బాలల గృహం తెరిచిన మరియా మాంటిస్సోరి గారు కనిపెట్టిందీ ఈ సంగతే. తండ్రి సిలువ గుర్తు వేసుకోగా ఎన్నడూ చూడని బిడ్డ కూడా బడిలో పరలోక జపం గడగడా అప్పజెబుతుంది. కాని దాన్ని నర్సరీ రైముల సరసన పెట్టుకుంటుంది.

ఆదివారం భార్యాబిడ్డలను దేవాలయం గేటు దగ్గర దింపి, పూజ ముగిసేవరకు బయట బండిమీద కూర్చొనే తండ్రులను ఏ విచారణలోనైనా చూస్తాం. లోపల తల్లి ఒడిలోని పసివాడు పీఠంవైపు కాక, వెనక్కి తిరిగి గుమ్మంవైపే చూస్తుంటాడు.