చేత్తో కట్టిన పన్ను

నెలజీతం తెచ్చుకునే వాళ్లలో ఒక చిన్న గర్వం ఉంటుంది, గమనించారా? "మేం పైసా ఎగ్గొట్టం అండీ. ఎగ్గొట్టేదంతా ఆ షాపుల వాళ్లూ, ఆ డాక్టర్లూను" అంటారు, ఏ పెళ్లిలోనో పక్క కుర్చీలో కూర్చుని. నిజమే కావచ్చు. కానీ పన్ను వాళ్లు కడుతున్నారా, వాళ్ల చేత కట్టిస్తున్నారా? జీతం చేతికి రాకముందే ఆఫీసులో పన్ను కోసేసి, మిగిలింది బ్యాంకులో వేస్తారు. ఎగ్గొట్టే వీలే లేనప్పుడు ఎగ్గొట్టకపోవడం ఏపాటి గొప్ప? అటక మీద అందనంత ఎత్తున పెట్టిన జంతికల డబ్బా జోలికి పోలేదని పిల్లవాణ్ణి బుద్ధిమంతుడని మెచ్చుకున్నట్టుంటుంది.

సొంతంగా ఏదో పని చేసుకునే వాళ్ల సంగతి వేరు. డబ్బు ముందు చేతిలో పడుతుంది. బియ్యానికీ, పాలకీ, పిల్లల ఫీజుకీ కరిగిపోతూ ఉంటుంది. అందులోంచి జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 అంటూ నాలుగు వాయిదాల్లో తమంతట తామే లెక్క వేసుకుని, తమ చేత్తోనే తీసి కట్టాలి. ఇంటికొచ్చిన లక్ష్మిని మనమే గుమ్మం దాకా సాగనంపడం ఎంత కష్టమో ఇల్లు నడిపే ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఈ రెండు లోకాలకీ మధ్య ఒక గడప ఉంది. సొంత పని మానేసి ఉద్యోగంలో చేరిన సంవత్సరమే ఆ గడప. సగం ఏడాది అటు, సగం ఏడాది ఇటు. మనిషి నిజాయితీకి అసలు పరీక్ష ఆ గడప మీదే జరుగుతుందని నాకు ఈమధ్యే తెలిసింది.

మా పిన్ని కూతురు విజయవాడలో పదేళ్లుగా ఇంటి దగ్గర ఇంటర్ పిల్లలకి లెక్కలు ట్యూషన్ చెప్పేది. 2024 అక్టోబర్లో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. ఆ ఏడు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా జిరాక్సులూ, కరెంటూ, బెంచీల అద్దే పోగా ట్యూషన్ల మీద మిగిలింది 3,60,000 రూపాయలు. అక్కణ్ణించి మార్చి దాకా నెలకి 75,000 చొప్పున జీతం 4,50,000.

కాలేజీ ఆఫీసుకి తెలిసింది ఆ జీతం ఒక్కటే. కొత్త పద్ధతిలో ఆ ఏడాది జీతగాళ్లకి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉండేది. అది తీసేస్తే 3,75,000. ఏడు లక్షల దాకా ఆదాయానికి రిబేటు కనక వాళ్లు రూపాయి కూడా కోయలేదు. ఫారం 16 చేతికిచ్చారు. పన్ను సున్నా! కానీ ట్యూషన్ల డబ్బు కూడా కలిపితే ఆదాయం 7,35,000. గీత దాటింది, రిబేటు పోయింది. సెస్సుతో సహా పన్ను 24,440 రూపాయలు. వాయిదాల్లో ముందుగా కట్టలేదు కనక దాని మీద వడ్డీ అదనం.

అంటే, నిజం చెబితే పాతికవేల చిల్లర. ఊరుకుంటే ఏమీ లేదు. సత్యానికి ఇంత కచ్చితంగా ధర కట్టిన చీటీ నేనింకెక్కడా చూడలేదు.

పోనీ, ఊరుకోవడం కష్టమా అంటే, అంత సుళువైన పని లేదు. పిల్లల తల్లిదండ్రులిచ్చింది నగదు. అందులో పన్ను కోసి, ఆవిడ పేరు మీద జమ వేసినవాళ్లెవరూ లేరు. జీతం వాళ్ల కోసం 'సహజ్' అని ఒక ఫారం ఉంది. జీతం అంకెలు అందులో ముందే నింపి ఉంటాయి, సరేనంటే పనైపోతుంది. ఏడాదిలో సొంత పని మీద వచ్చిన ఆదాయం ఉన్నవాళ్లకి ఆ ఫారం పనికిరాదు. ఆవిడ వెయ్యాల్సింది ఐటీఆర్-3. అదేమో చాంతాడంత. చూశారా, అబద్ధానికి దారి ఎంత సహజంగా ఉందో!

"అడిగేవాడెవడు? కోట్లు మింగేవాళ్లు హాయిగా ఉన్నారు. మన వీధిలో గుంతలు చూశావా, దానికి పాతికవేలా?" అన్నాడు మా మరిది. ఈ మాటని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. గుంతలు నిజమే, మింగేవాళ్లూ నిజమే. కానీ రోడ్డు బాగాలేదని టిక్కెట్టు కొనకుండా బస్సులో కూర్చుంటే, మన టిక్కెట్టు కూడా పక్కవాళ్లే కొన్నట్టు కదా. ఆ పక్కవాళ్లెవరు? తప్పించుకునే వీలులేని జీతగాళ్లు. అక్టోబర్ నుంచీ తనూ ఆ వరసలోనే కూర్చుంది.

అయితే మా చెల్లెల్ని కదిలించింది ఈ వాదన కాదు. వాళ్ల అత్తగారి మాట. ఉద్యోగం వచ్చిన రోజున ఆవిడ వీధంతా చెప్పుకుంది పాపం, సంతోషంగానే: "ఇన్నాళ్లకి మా కోడలు సంపాదన మొదలెట్టింది" అని. మరి పదేళ్లూ గొంతు నొప్పి పుట్టేలా చెప్పిన పాఠాలు? అది సంపాదన కాదు, 'ఇంట్లో ఊరికే కూర్చోలేక ఏదో కాలక్షేపం'.

"అక్కయ్యా, ఆ ఫారంలో ట్యూషన్లు రాయకపోతే నేనూ మా అత్తగారి మాటే అన్నట్టవుతుంది. ఆ ఆర్నెల్లూ నేనేం పని చెయ్యలేదని నేనే సంతకం పెట్టినట్టు" అంది నాతో.

నేను బి.ఏ.లో నీతిశాస్త్రం చదివాను. కథల్లో, నవలల్లో నీతి గురించి పేజీలు నింపాను. ఈ కోణం నాకెప్పుడూ తట్టలేదు. ఆదాయం దాచడమంటే సర్కారు కంట్లో పడకుండా డబ్బు దాచడమనే అనుకుంటాం. డబ్బుతో పాటు మన రెక్కల కష్టం కూడా అక్కడే దాక్కుంటుంది. జాకెట్లు కుట్టేవాళ్లు, పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, సంగీతం నేర్పేవాళ్లు... అడిగితే "ఏదో చేస్తుంటాను లెండి" అంటాం. రేపు బ్యాంకువాళ్లు అప్పివ్వడానికి రిటర్నులు చూపించమంటే, ఆ "ఏదో"కి కాగితం ఉండదు. అప్పుడు బాధపడతాం, మన కష్టాన్ని లోకం గుర్తించలేదని. మనం గుర్తించామా?

హరిశ్చంద్ర నాటకం చూడని తెలుగువాళ్లుండరు. ఆయన్ని సత్యసంధుడంటే రాజ్యం వదులుకున్న సంగతే ముందు చెప్పుకుంటాం. ఆ త్యాగానికి విశ్వామిత్రుడు ఎదురుగా ఉన్నాడు, లోకమంతా చూసింది. నాకు మాత్రం కాటిసీనే పెద్దదనిపిస్తుంది. సొంత రాజ్యం పోయి ఒకరి కొలువులో చేరిన మనిషి. అర్ధరాత్రి. యజమాని వీరబాహుడు దగ్గరలేడు. వచ్చింది సొంత భార్య, చేతుల్లో సొంత కొడుకు శవం. కాటిసుంకం వదిలేస్తే అడిగే నాథుడు లేడు. అయినా అడిగాడు. చిన్నప్పుడు నాకది రాతిగుండె అనిపించేది. ఎవరూ చూడని చోట కూడా మనిషి రెండుగా చీలిపోకుండా ఉండటం అనిపిస్తోంది ఇప్పుడు.

అలాగని అందరం నెలనెలా హరిశ్చంద్రులం కావాలా? అక్కర్లేదు. ఉద్యోగంలో చేరగానే "నాకు ఈ ఏడాది ఇంత ఇతర ఆదాయం ఉంది, దాని పన్ను కూడా కోసెయ్యండి" అని ఆఫీసులో కాగితం ఇవ్వచ్చు. జీతంలోంచే తెగిపోతుంది, వడ్డీ బాధా తప్పుతుంది. మనసు మెత్తబడకముందే చెయ్యి కట్టేసుకోవడం పిరికితనం కాదు, తెలివి. ముందే కోసెయ్యడమనే ఏర్పాటు మామూలు మనుషుల మీద దయే. ఆ దయ పొందినవాళ్లు దాన్ని తమ గొప్పతనంగా చెప్పుకోకుండా ఉంటే చాలు.

2025లో రిటర్నుల గడువు జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి, ఆ పైన ఇంకో రోజుకి పొడిగించారు. మా చెల్లెలు సెప్టెంబర్ మొదటి వారంలోనే వడ్డీతో సహా కట్టేసింది. కొనుక్కోవాలనుకున్న ఫ్రిజ్జు మాత్రం ఇంకా దుకాణంలోనే ఉంది. రసీదు అత్తగారికి చూపించిందట. "ఇంత పన్ను పడేటంత సంపాదించావా ఆ ట్యూషన్లతో?" అని ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని మరీ చూసిందట.

అప్పట్నించీ నేను నా మంచితనం లెక్క చూసుకుంటున్నాను. పోట్లాడే ధైర్యం లేక ఊరుకున్నది ఓర్పు పద్దులోనూ, ఇవ్వకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని ఇచ్చింది దానం పద్దులోనూ రాసేసుకున్నాను ఇన్నాళ్లూ. అవన్నీ ముందే కోసేసిన పన్నులే. నా చేత్తో తీసి కట్టింది ఎంతుందా అని వెతుకుతున్నాను. మీరూ ఓసారి మీ లెక్క చూసుకోండి. దీనికి గడువు పొడిగింపు ఉండదు.