మెత్త కాదు, కుట్టు చూడు

ఒరేయ్ చిన్నా, నిన్న సాయంత్రం సైకిల్ దిగి మెట్లెక్కుతుంటే నీ నడక చూశాను. కాళ్లు ఎడంగా వేస్తున్నావు. అమ్మకు చెప్పడానికి సిగ్గయితే సరే, ముప్ఫై ఏళ్లు ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూముల పని చేసిన పెదనాన్నకి చెప్పొచ్చు కదరా.

మెత్త ఉన్న సైకిల్ నిక్కరు కొంటావట. ఆగు. మంట కూర్చునే ఎముకల దగ్గరా, తొడల మధ్య చర్మం మీదా? ఎముకలైతే సీటు సంగతి చూడాలి, దాని వెడల్పు నీకు సరిపోలేదేమో. చర్మమైతే తప్పు నీ నూలు కట్ డ్రాయరుది. చెమట తాగి ముద్దవుతుంది, కుట్లన్నీ కలిసే ముడి సరిగ్గా సీటు మీదికే వస్తుంది. షేక్‌పేట నుంచి నానక్‌రామ్‌గూడకి నువ్వు తొక్కేది ఓ అరగంట. ఆ మాత్రానికి మే నెల ఎండలో తడి స్పాంజి కట్టుకుని కూర్చుంటావా? మెత్త లేని లైనరు, అంటే లోపల వేసుకునే బిగుతు నిక్కరు తీసుకో, పైన నీ మామూలు ప్యాంటు వేసుకో.

కొనేటప్పుడు తిరగేసి చూడు. ఫైటర్లకి ప్యాంటు లోపల టైట్స్ ఇచ్చేవాళ్లం. ఓవర్‌లాక్ కుట్టు లోపలికి పడిందా, సాయంత్రానికి తొడలు ఎర్రబడి మమ్మల్ని తిట్టేవాళ్లు. ఫ్లాట్‌లాక్ కుట్టు కావాలి, గోటితో రాస్తే తట్టకూడదు. కాళ్ల మధ్య విడిగా ఓ ముక్క వేశారేమో చూడు. ఉర్దూ దర్జీలు మియానీ అంటారు, పైజమాల్లో తాతల నాటి నుంచీ ఉన్నదే. అది ఉంటే కుట్లు ఒకచోట గుమిగూడవు. బట్ట నైలానో పాలిస్టరో, లైక్రా కలిసిందై ఉండాలి. షాపులో నిటారుగా నిలబడి బాగుందనకు. పెడలు తొక్కినట్టు ఒక మోకాలు పైకెత్తు. అంచు పైకి పాకితే వదిలెయ్. ఇంకోమాట, దాని కింద మళ్లీ డ్రాయరు వేశావో, పెట్టిన డబ్బు దండగే.

అనంతగిరి మట్టిదారుల్లో దిగేటప్పుడు నువ్వు సీట్లో ఎక్కడ కూర్చుంటావు, పెడళ్ల మీద లేచే ఉంటావు కదా. అక్కడా మెత్త అడ్డమే. పైన వదులు నిక్కరు, లోపల లైనరు చాలు. రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ మాత్రం వేరే లెక్క. తెరిచినప్పుడు రెండు పాయలూ కలిపి 23 కిలోమీటర్లు. పోనూ రానూ తొక్కుతూ రెండు మూడు గంటలు సీటు వదలనంటే మెత్తది కావాలి. డబ్బులు నేనే ఇస్తాను.

లైనర్లు రెండు కొను, ఏ రోజుది ఆ రోజు ఉతుకు. బట్టల వాసనకు వేసే ఆ మెత్తబరిచే ద్రవం పోయకు, చెమట లాగే గుణం పోతుంది. ఇప్పుడు మండుతున్నది మానేదాకా బస్సెక్కు. పాత కట్ డ్రాయర్లు పారేయకు, చైను తుడవటానికి నూలుగుడ్డను మించింది లేదు.