చెఱకు ముక్కకు ముందొక స్తుతి

మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరపు కాలువనీటితో బోధన్ పొలములలో చెఱకు ఏపుగాఁ బెరుగఁగా, 1937లో నెలకొన్న శక్కర్‌నగర్ కర్మాగారము ఆ రసమును కాఁచి పంచదారగా మార్చి దేశమంతటను పేరొందెను. ఇట్టి సీమవారికి, యూదుల ధర్మశాస్త్రమున చెఱకుగడను గూర్చియే గంభీరమైన చర్చ జరిగినదను సంగతి ఆసక్తి గొలుపకపోదు.

యూదుఁడు ఏ పదార్థమును నోట నుంచుకొన్నను, ముందుగా జగదీశ్వరుని స్తుతించు ఒక చిన్న వాక్యమును పలుకవలెను. చెట్టున పండిన పండునకు ఒక స్తుతి, నేలపంటకు మఱియొకటి, గోధుమరొట్టెకును ద్రాక్షారసమునకును వేఱువేఱు స్తుతులు. వీనిలో దేనికిని చెందనివానికి సామాన్యస్తుతి. మామిడిపండు వృక్షఫలము. అరటిపండు మాత్రము నేలపంట, ఏలయన గెల వేసిన బోదె మఱల కాయక నశించి, దుంపనుండి క్రొత్త పిలక లేచును. మఱి చెఱకు? పూర్వాచార్యులు నేలపంట స్తుతియే తగుననిరి, కొందఱు వృక్షఫలస్తుతి యనిరి. 12వ శతాబ్దమున ఈజిప్టులో నివసించిన పండితుఁడు, వైద్యుఁడు మైమోనిడీస్ తన మిష్నే తోరా అను ధర్మసంగ్రహమున, గడ అసలు ఫలమే కాదనియు, నిప్పు సోఁకని ఖర్జూరపు తేనెకే సామాన్యస్తుతి చాలినపుడు నిప్పుచే మాఱిన చెఱకుపాకమునకు అంతకు మించిన గౌరవ మేలయనియు వాదించి, సామాన్యస్తుతినే నిర్ణయించెను.

ఇంతటి సూక్ష్మవిచారము వ్యర్థమని తలంచువారికి నా మనవి యొక్కటే: ఎవరికి కృతజ్ఞులమో చెప్పుటకు ముందు దేనికి కృతజ్ఞులమో తెలిసికొనవలదా? గడ ఎక్కడ మొలచెను, రసము ఏ విధమున మాఱెను అని క్షణము నిలిచి చూచినవాఁడే ఆ తీపిని దానముగా గ్రహింపఁగలఁడు. స్తుతింపక ఈ లోకమున దేని ననుభవించినను అది దైవసొత్తు నపహరించుటయేయని యూదుల ప్రాచీన ధర్మచర్చాగ్రంథమగు తాల్మూదు తీర్పు. దేవతలిచ్చినదానిని వారికి నివేదింపక భుజించువాఁడు చోరుఁడేయను భగవద్గీత తృతీయాధ్యాయపు భావము దీనికి సహోదరమే కదా! దినమునకు 100 స్తుతులు పలుకవలెనని రబ్బీ మెయిర్ విధించెను; మలమూత్రవిసర్జనానంతరము దేహము సక్రమముగా పనిచేసినందులకు పలుకు స్తుతియు వానిలోనిదే.

కష్టమైనది వేఱొకటి కలదు. మేలునకువలెనే కీడునకును దేవుని స్తుతింపవలెనని తాల్మూదునకు మూలమైన మిష్నా నియమము; దుర్వార్త చెవినఁబడినపుడు ఆయనను సత్యమైన న్యాయాధిపతిగా కొనియాడుదురు. మైమోనిడీస్ తమ్ముఁడు దావీదు వర్తకమునకై ప్రయాణించుచు హిందూమహాసముద్రమున మునిగిపోఁగా, ఆ దుఃఖముచే అన్న యేఁడాదికాలము మంచముపట్టెను. 2015 డిసెంబరులో కర్మాగారము మూఁతపడి బ్రదుకుతెరువు పోయిన బోధన్ ఇండ్లవారికి ఇట్టి స్తుతిని పరులు ఉపదేశింపరాదు. అది ఎవరికి వారు తమ నోటఁ బలుకవలసినదే.

మన తెలుగునాటను ఈ ధర్మము ననుసరించువారు గలరు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిము సమాజమువారి ప్రార్థనామందిరము 1991లో వెలసెను. మాదిగకుటుంబములనుండి వచ్చిన ఈ తెలుగువారు తాము బైబిలులోని యోసేపు కుమారుఁడగు ఎఫ్రాయిము సంతతివారమని విశ్వసింతురు. యూదగృహములలో శుక్రవారపు సాయంకాలము కుమారుల తలపై చేయియుంచి, ఎఫ్రాయిము, మనష్షేల వలె వర్ధిల్లుఁడని తల్లిదండ్రులు దీవించుట ఆచారము. ఆ యన్నదమ్ములలో ఎఫ్రాయిము కనిష్ఠుఁడు; తాత యాకోబు చేతులు మార్చి కుడిచేతిని అతని తలపై నుంచఁగా, తండ్రి యోసేపు అది పొరపాటని సవరింపఁబోయెను, తాత యొప్పుకొనలేదు. వెలివాడ అవమానము నెఱిఁగిన కుటుంబములు ఆ కనిష్ఠుని పేరునే తమ వంశనామముగాఁ జేసికొనుట నాకు మిక్కిలి సమంజసముగాఁ దోఁచుచున్నది.