ఉత్తర ప్రార్థన

అశ్వత్థామ అస్త్రము తనవైపు వచ్చుట చూచి ఉత్తర శ్రీకృష్ణుని శరణు వేడినది. తన్ను దహించినను సరియే, గర్భము మాత్రము నశింపరాదని ఆమె మొర. భగవానుడు తల్లిని, శిశువును ఇరువురను రక్షించినాడు.

ఇరువురను కాపాడుట మానవునకు శక్యము కానిచో ధర్మమేది? సజీవశిశువును శస్త్రముతో ఛేదింపరాదనియు, మృతగర్భమును ఉపేక్షింపరాదనియు సుశ్రుతుడు మూఢగర్భచికిత్సయందు వైద్యుని హెచ్చరించినాడు. వైద్యమునకును మర్యాద గలదు.

1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టము 2021లో సవరింపబడి, కొన్ని వర్గముల స్త్రీలకు 24 వారముల వరకు అనుమతి నిచ్చినది. ఆపైన శిశువునకు తీవ్రవైకల్య మున్నదని వైద్యమండలి నిర్ణయింపవలెను. తల్లి ప్రాణమునకు తక్షణాపాయ మున్నచో గడువు లేదు.

2021 అక్టోబరులో తెలంగాణ హైకోర్టు, అత్యాచారమునకు గురియైన 16 ఏండ్ల బాలికకు 26 వారముల గర్భమును తొలగించుటకు అనుమతించినది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఇద్దరు బిడ్డల తల్లి యొకతె తన మనోవ్యాధిని విన్నవించినను, 26 వారములు దాటిన గర్భము విషయమున నిరాకరించినది. శిశువునకు వైకల్యము గాని, ఆమెకు తక్షణాపాయము గాని లేవని తేలినది.

వారములు ఇంచుమించు సమానమే, తీర్పులు వేరు. కావున వైద్యకారణ మను మాట విన్నంతనే అంగీకరింపరాదు, త్రోసిపుచ్చనూరాదు; సత్యమును పరీక్షింపవలెను. ఉత్తర తన ప్రాణమును తానే అర్పింప సిద్ధపడినది గాన ఆ త్యాగము వంద్యము. దుష్టుని పాపమునకు బలియైన బాలికనుండి అట్టి త్యాగమును ఇతరులు శాసించి గైకొనరాదు. శిశువును మోయుమని ఏ తల్లికైన చెప్పినచో, ఆమె భారమును కుటుంబమును సమాజమును తామును మోయవలెను. అది లేని ధర్మోపదేశము అసంపూర్ణము.