వాకిట నిలిచిన బండి

సంచికకు ఏదైనా వ్రాయుమని సంపాదకవర్గము వారు ఈ ఏడు కూడ అడిగినారు. నేను హైస్కూలు దాటి చదివినవాడను కాను. గజము పట్టిన చేతితో కలము పట్టుట నాకు కొంచెము సంకోచమే. అయినను మా నాట్రంపల్లిలో, నా ఇంటి గేటు ముందరనే జరిగిన ఒక సంగతి రెండేండ్లుగా నన్ను విడువకున్నది. దానిని పదిమంది ఎదుట పెట్టి, మీరైతే ఏమి చేసియుందురని అడుగవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది క్రింద బట్టల అంగడి, పైన కాపురము. మనవారిలో చాలమందికి ఇదే ఏర్పాటు గదా. అంగడి ప్రక్కన ఒక గేటున్నది; సరకు వ్యాను అందులోనుండియే రావలెను, పోవలెను. ఆ దినము ఉదయము తొమ్మిది గంటలకు గుడియాత్తము పంపవలసిన పెండ్లి జవుళి మూటలు వ్యానుకెక్కించి, గేటు తెరవబోతిమి. గేటుకు అడ్డముగా 108 బండి నిలిచియున్నది. ప్రక్కింటిలో ఒక రిటైర్డు ఉపాధ్యాయులున్నారు. మేమందరము వారిని అయ్యవారు అనియే పిలుతుము. వారు స్నానము చేసి వచ్చి కూలబడినారని వీధిలో ఎవరో చెప్పినారు.

“బండి నాలుగడుగులు ముందుకు తీయమని చెప్పి రారా” అని అంగడి పిల్లవానిని పంపినాను. వాడు పోయి వచ్చి, “బండిలో ఎవరూ లేరు సేటూ, ఇద్దరూ మేడ మీదికి పోయినారు” అన్నాడు. అంతటితో ఊరకుండవలసినది. ముహూర్తము వేళకు చీరలు అందవేమోనన్న తొందరలో నేనే పోయి, మెట్ల క్రింద నిలిచి, “బండి కాస్త ప్రక్కకు తీసి మరీ చూడండయ్యా” అని కేక వేసినాను. మెట్ల పైన అయ్యవారి భార్య నిలిచియుండిరి. ఆమె నన్ను చూచినారు, ఏమియు అనలేదు. నేను తల వంచుకొని వెనుకకు వచ్చినాను.

తరువాత అంగడి గడియారము చూచితిని. బండి వచ్చినది మొదలు వెళ్లువరకు ఇరువదిరెండు నిమిషములు. మూటలు వేళకే చేరినవి. అయ్యవారు వానియంబాడిలో చూపించుకొని, అక్కడనుండి వేలూరు పోయి, పది దినములకు ఇంటికి వచ్చినారు. ఎవరికీ నష్టము జరుగలేదు. అయినను నా కేక మాత్రము ఆ మెట్ల దగ్గర మిగిలిపోయినది.

నా పక్షమున చెప్పుకొనుటకు మాటలు లేకపోలేదు. 1989 నాటి రోడ్డు నియమములలోనే, ఒకరి ఇంటి ప్రవేశమునకు అడ్డముగా బండి నిలుపరాదని ఉండినది. ఈ సంగతి నాకు బాగుగా తెలియును. గేటు మీద బోర్డు కూడ వ్రాయించియున్నాను. కాని ఆ నియమావళిలోనే, అంబులెన్సుగాని ఫైరింజనుగాని వచ్చినప్పుడు ప్రతివాడును ప్రక్కకు తొలగి దారి ఇవ్వవలెనని కూడ ఉండినది. నేను మొదటిది కంఠతా పట్టి రెండవదానిని విడిచిపెట్టితిని. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు ఈ రెండవదానికి శిక్ష కూడ పెట్టినారు. అత్యవసర వాహనమునకు దారి ఇవ్వనివానికి ఆరు నెలల వరకు ఖైదుగాని, పదివేల రూపాయల జుర్మానాగాని, రెండునుగాని పడవచ్చును. అయితే నిలిచియున్న బండిని తీయుమని మెట్ల క్రిందినుండి అరచినవానికి ఏ చట్టములోను శిక్ష లేదు. అందువలననే ఇది ధర్మశాస్త్రమునకు వచ్చిన ప్రశ్న, పోలీసులకు వచ్చినది కాదు.

మన పెద్దలు కర్మలు ఎనిమిది అని చెప్పి, కడపటిదానిని అంతరాయము అన్నారు. దానమునకు, లాభమునకు, భోగమునకు, ఉపభోగమునకు, వీర్యమునకు అడ్డుపడునది అది. ఆ దినము 108 బండిని చూచి, ఇది నాకు లాభాంతరాయముగా వచ్చినదని మనస్సులో అనుకొంటిని. వర్తకునికి మొదట తోచునది అదే! సాయంకాలము ప్రతిక్రమణకు కూర్చున్నప్పుడు గాని లెక్క తలక్రిందులైనదని తెలియలేదు. అంతరాయము బండి వలన నాకు కాదు, నా నోటి వలన ఆ ఇంటివారికి. మేడ మీద ఇద్దరు మనుష్యులు ఒక ప్రాణమునకై పనిచేయుచుండగా, వారి చెవిని ఒక క్షణము నా వైపునకు లాగితిని. గుండె ఆగిన మనిషికి సాయము అందక గడచు ప్రతి నిమిషమునకు బ్రదికెడి ఆశ నూటికి ఏడు నుండి పదివంతుల వరకు తరిగిపోవునని వైద్యులు చెప్పుచున్నారు. అయ్యవారి గుండె ఆగలేదు, నిజమే. కాని కేక వేయునప్పుడు ఆ సంగతి నాకు తెలియదు గదా!

ఈ 108 సేవ హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైనది. మన తమిళనాడునకు 2008 సెప్టెంబరులో వచ్చినది. జపమాల పూసలు 108, పంచపరమేష్ఠుల గుణములు 108. ఆ సంఖ్య పెట్టినవారు మనలను తలచి పెట్టియుండరు. అయినను ఆ అంకె చూచినప్పుడు మనవానికి చేయి జోడించవలెనని తోచవలసినది; నాకు గడియారము చూడవలెనని తోచినది.

ఇక మర్యాద యనునది ఏది? బండిలో మనిషి లేకుంటే, లోపల పని జరుగుచున్నదని తెలిసికొని ఊరకుండుట మొదటిది. దీపములు, లోపలి పరికరములు నడచుటకు ఇంజను ఆపకుండ ఉంచుదురు. పొగ వచ్చుచున్నదని, మోత యగుచున్నదని గొడవ పడరాదు. స్ట్రెచరును వెనుక తలుపునుండి దింపుదురు గనుక, బండి వెనుక మన స్కూటరు ఆనించి నిలుపుట మహాపాపము. గుంపుగా చేరి, ఏమైనది, ఎట్లైనది, ఇంతకు ముందు ఉన్న జబ్బేనా అని ఆ ఇంటి ఆడవారిని అడుగుట కూడ అడ్డుపడుటయే. ఇందులో మన వీధులవారు ఎవరికీ తీసిపోరు.

మరి మన ఇంటిలోనే నిజమైన తొందర ఉండవచ్చును. పిల్లవానికి పరీక్ష, కోడలికి నొప్పులు. అప్పుడు అడుగకూడదా అని మా అబ్బాయి నన్ను అడిగినాడు. అడుగవచ్చును. అయితే ఒక్కరే పోవలెను, మెల్లగా చెప్పవలెను. రోగి బంధువులతో కాక బండితో వచ్చినవారితో, వారి చేతులు ఖాళీగా ఉన్నప్పుడు చెప్పవలెను. నొప్పులైతే వారే సాయము చేయుదురు. పరీక్ష యైతే వీధి చివరికి నడచి ఆటో పట్టవచ్చును. నా పెండ్లి మూటలను కూడ ఇద్దరు మనుష్యులు మోసికొనిపోయి మరొక వ్యానుకు ఎక్కించియుండవచ్చును. కూలి నాలుగు వందలయ్యెడిది. ఆ లెక్క నాకు ఆనాడు తట్టలేదు.

అంతకంటె పెద్ద సంగతి మరొకటి ఉన్నది. 2025 మే 18న హైదరాబాదు చార్మినారు దగ్గర గుల్జార్ హౌజులో మంటలు లేచి 17 మంది పోయినారు. వారిలో 8 మంది పసివాండ్రు. క్రింద నగల దుకాణములు, పైన కాపురము. లోనికి పోవు దారి మిక్కిలి ఇరుకు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఏలననగా అది మన ఇంటి కొలతయే. 2019 డిసెంబరులో ఢిల్లీ అనాజ్ మండిలో 43 మంది పోయినప్పుడు కూడ సందు ఇరుకై ఫైరింజన్లు దగ్గరకు పోలేకపోయినవి. బండి మన వాకిట నిలుచుట మనకు కష్టమనుకొంటిమి. నిలువ చోటు లేకపోవుట ఎట్టిదో అక్కడివారికి తెలిసినది.

మరునాడు ఉదయము గేటు బయట నిలిచి మా వీధిని పరకాయించి చూచితిని. కాలువ దాటి రోడ్డు మీదికి నాలుగడుగులు పొడిగించిన నా సిమెంటు ర్యాంపు. ఎదురింటి మెట్లు. ఒకరి ఇసుక కుప్ప, ఒకరి బల్ల, అందరి మోటారు సైకిళ్లు. ఈ వీధిలో ఆ బండికి దొరికిన ఖాళీ నా గేటు ముందర ఒక్కటే. అదియును బోర్డు పెట్టి నా వ్యాను కొరకు కాపాడుకొన్నది. మిగిలిన రోడ్డును అందరము కలిసి తినివేసినాము, అందులో నా వంతు తక్కువేమియు కాదు. అపరిగ్రహము గూర్చి ఉపన్యాసములు విన్నప్పుడు నా బుద్ధి బంగారము మీదికి, భూముల మీదికి పోయెడిదే గాని ఆ నాలుగడుగుల సిమెంటు మీదికి ఎన్నడును పోలేదు.

ఆ ఏడు సంవత్సరీ దినమున అందరికీ మిచ్ఛామి దుక్కడం చెప్పి, కడపట అయ్యవారింటికి పోయినాను. అది వారి ఆచారము కాదు గనుక, వచ్చిన పని విప్పి చెప్పవలసి వచ్చినది. అమ్మగారు లోపలినుండి విని, కాఫీ తెచ్చి ఇచ్చి, “అదింకా మనసులో పెట్టుకొన్నారా?” అన్నారు. మరచితినని అనలేదు, గమనించితిని. ఉపవాసమని చెప్పి కాఫీ పుచ్చుకొనలేకపోతిని, అదొక ఇబ్బంది.

అయ్యవారు కొంతసేపు పలుకక, “సేటూ, ఆ బండి మీ వాకిట ఎందుకు నిలిచినది? మా వాకిట మా మనుమని మోటారు సైకిలు, తులసికోటకని తెప్పించిన ఇటుకలు ఉండినవి. క్షమాపణ ఒకవైపే ఐతే ఎట్లు?” అన్నారు.

ఆ మరుసటి వారము ఇద్దరము కలిసి మేస్త్రీని పిలిపించితిమి. నా ర్యాంపు మూడడుగులు తగ్గినది. వ్యాను ఎక్కునప్పుడు ఇప్పుడు కొంచెము కుదుపు వచ్చును. అయ్యవారి ఇటుకలు మాత్రము ఇంకను అక్కడనే ఉన్నవి. వానలు వెలిసిన తరువాత తులసికోట కట్టించెదమని అమ్మగారు అనుచున్నారు.