న్యాయమైన పడి

మూలవాక్యము: లేవీయకాండము 19:35, 36

హెబ్రీ భాషలో ఏఫా, హీను అని యున్నచోట మన తెలుగు బైబిలులో తూము, పడి అని చదువుచున్నాము. దీపముమీద బోర్లించు పాత్ర కుంచము. షోమ్రోనులో కరవు తీరిననాడు పిండిని కొలిచినది మానికతో. తర్జుమా చేసినవారు మన యింటి మూలనున్న పాత్రలనే వాక్యములోనికి తెచ్చిరి.

ఇప్పటి పిల్లలు వీటినెరుగరు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఇది పుస్తకపు లెక్క. మన రామగిరి వైపు పెద్దలకు పడి, సేరు అనుటయే వాడుక. ఊరూరికి తేడా యుండెడిది. మద్రాసు పడి దాదాపు ఒకటి ముప్పాతిక లీటరు. 1956లో వచ్చిన తూనికలు కొలతల చట్టము తరువాత క్రమముగా కిలో, లీటరు స్థిరపడెను.

అయితే తూనికకు లేని చిక్కు కొలతకున్నది. మన రామగిరి గనులలో తీసిన బంగారమును తూచిరేగాని యెవరును పడితో కొలువలేదు! రాగులను కొలిచిరి. అదే పడిలో మెల్లగా పోసిన తక్కువ గింజలు పట్టును; కుదిపిన ఎక్కువ పట్టును; పైన గోపురము పోసిన ఇంకను ఎక్కువ. పడి నోరు వెడల్పైనకొలది గోపురము పెద్దదగును. పడిమీద సర్కారు ముద్ర సరిగానే యుండును, మోసము చేతిలో నుండును.

ఇచ్చునప్పుడు అంచుతో సమముగా త్రోసి యిచ్చి, కోతలకు తిరిగి పుచ్చుకొనునప్పుడు గోపురము పోయించుకొనుట మన పెద్దలు ఎరుగనిది కాదు. ఇంటిలో హెచ్చు తూము, తగ్గు తూము రెండును ఉండకూడదని ద్వితీయోపదేశకాండము 25:14 చెప్పుచున్నది. ఇక్కడ రెండు తూములు అక్కరలేదు, ఒకే పడి చాలెను. కళ్లములో మొదటి కొలతను ఒకటి యనక లాభమని లెక్కించెడివారు. ఎవరి లాభమో అడుగువారు లేరు. కూలి గింజలను కొంగులో పోయించుకొన్న మన అవ్వలు ఆ తేడాను కంటితోనే పట్టెడివారు, నోరెత్తలేకపోయిరి. కుదిపి, అణచి, పొర్లిపోవునట్లు ఒడిలో పోయు కొలతను గూర్చి ప్రభువు చెప్పిన మాట (లూకా 6:38) వారికి వివరింపనక్కరలేదు.

ఇప్పుడు మనలో కొందరు కూలివారిని పిలుచు రైతులైరి. విత్తనపు శెనక్కాయలు ఒలిపించి, పప్పును డబ్బాతో కొలిచి డబ్బాకింత అని కూలి కట్టు ఇండ్లు మన సంఘములోను ఉన్నవి. ఆ డబ్బాను అంచుతో త్రోయుచున్నామా, గోపురము పోయించుకొనుచున్నామా? కాయ ఒలిచి వ్రేళ్లు వాచిన ఆ సహోదరి, ఆదివారమున మన ప్రక్క చాపమీదనే కూర్చుండి ప్రార్థించుచున్నది.