ఎవరి సిలువను ఎవరు అర్పించాలి?



కొన్నేళ్ల క్రితం నేను సేవచేసిన ఒక పల్లె విచారణలో పదిహేనేళ్ల అమ్మాయి ఉండేది. పుట్టుకతోనే రెండు కాళ్లూ బిగుసుకుపోయాయి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేది. చదువులో చురుకైనదే గాని, హైస్కూలు దూరమని ఏడవ తరగతితో బడి మాన్పించారు. ఇంటి సందర్శనకు వెళ్లినప్పుడల్లా ఆమె తలపై చేయి ఉంచి, "నీ బాధను ప్రభువుకు అర్పించమ్మా" అని చెప్పి వచ్చేవాణ్ణి.

ఒకనాడు ఆమె ముఖం పక్కకు తిప్పుకుని ఇలా అంది: "ఫాదర్ గారూ, నా కాళ్లు నన్ను అంత బాధపెట్టడం లేదండి. అందరూ గుణదల తిరునాళ్లకు పోతూ నన్ను వాకిట్లో కూర్చోబెట్టి వెళ్లారు. దాన్ని కూడా అర్పించమంటారా?"

నా దగ్గర జవాబు లేదు. ఫిబ్రవరి 11 గుణదలమాత ఉత్సవమే కాదు, శ్రీసభ పాటించే రోగుల ప్రపంచ దినం కూడా. ఆ రోజే ఆ బిడ్డ వాకిట్లో ఒంటరిగా ఉంది.

శ్రమకు విలువ ఉందని శ్రీసభ బోధిస్తుంది. పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1984లో ఈ విషయంపైనే ఒక లేఖ రాశారు. అయితే మనం ఒక భేదాన్ని గమనించాలి. శరీరం పెట్టే బాధ ఒకటి, మనుషులు పెట్టే బాధ మరొకటి. మొదటిదాన్ని ప్రభువుకు అర్పించవచ్చు. కాని అర్పించే హక్కు అనుభవించేవారిదే; బలవంతపెట్టి ఇప్పించినది కానుక కాదు. రెండవదాన్ని కూడా అర్పించమనడం మన తప్పును వారి భుజాన వేయడమే. సిలువమార్గం ఐదవ స్థలంలో సీమోను ప్రభువుకు ఉపదేశం చేయలేదు, భుజం పట్టాడు.

అంగవైకల్యంగల మన పిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి తోటివారికి ఉన్న ఆశలన్నీ వారికీ ఉంటాయి. స్నేహం కావాలి, చదువు కావాలి. ఉద్యోగం, పెళ్లి గురించి దిగులూ ఉంటుంది. మనమేమో వారి ఎదుటే "పాపం" అంటాం. ఎవరి పాపఫలమోనని గుసగుసలాడతాం. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులడిగిన అదే ప్రశ్నను ప్రభువు తోసిపుచ్చారని యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో చదువుతూనే ఉన్నాం. స్వస్థత ప్రార్థన చేయించి, నయం కాకపోతే "నీకు విశ్వాసం చాలలేదు" అంటాం. అప్పటికే నలిగిన మనసుకు ఇది రెండవ దెబ్బ.

దయను బుద్ధి నడిపించినప్పుడే అది సుగుణమౌతుందని పునీత థామస్ అక్వినాస్ బోధించారు. జాలి చూసి వెళ్లిపోతుంది. దయ ఆగి, ఏంకావాలని అడుగుతుంది. బర్తిమయి గుడ్డివాడని యెరికోలో అందరికీ తెలుసు. అయినా ప్రభువు అతనికేమి కావాలో అతని నోటనే చెప్పించారు.

తల్లిదండ్రులారా, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలభై శాతానికి తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రం పొందిన 6 నుండి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. అది దానం కాదు, అడిగి తీసుకోండి. బిడ్డ తిండి మాని, నిద్ర లేక, మాట తగ్గించి, బ్రతకాలని లేదంటే మొండితనమనో దయ్యమనో అనుకోకండి. వెంటనే డాక్టరుకు చూపండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ప్రార్థన మానవద్దు, వైద్యమూ మానవద్దు.

విచారణ పెద్దలారా, గుడి మెట్ల పక్కన ఒక వాలుబాట కట్టించండి. పూజలో పఠనం చదవడానికి, గాయక బృందంలో పాడడానికి ఈ పిల్లలను పిలవండి. ఎప్పుడూ పుచ్చుకోవడమే తప్ప ఇచ్చే అవకాశమే లేని మనసు ఎండిపోతుంది.

మరుసటి ఏడు తిరునాళ్లకు ముందు నేను ఆ అమ్మాయిని నీకేం కావాలమ్మా అని అడిగాను. కొండ ఎక్కించమంటుందనో, స్వస్థత ప్రార్థన కోరుతుందనో అనుకున్నాను. స్నేహితురాళ్లతో కలిసి గాజుల దుకాణాలు చూడాలంది. మా యువకులు ఆటో మాట్లాడి, కుర్చీలో కూర్చోబెట్టి దుకాణాలన్నీ తిప్పారు. అన్నేళ్లుగా నేనది అడగలేదు.

మీ వీధిలోనూ అలాంటి వాకిలి ఒకటి ఉంటుంది. ఈ ఆదివారం పూజ ముగిశాక అక్కడికి వెళ్లి, ముందు అడగండి. గుణదలమాత మనకొరకు వేడుకొనునుగాక.